మూడో గడిలో రాసేదెవరు?

1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు దళం రాజవొమ్మంగి పోలీసు ఠాణా మీద పడింది. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, మూడో రోజు ఇది. మూడు ఠాణాల్లో కలిపి 26 తుపాకులు పట్టుకెళ్లారు. ఏమేం తీసుకెళ్తున్నదీ ఠాణా రికార్డులోనే రాసి, కింద రాజు సంతకం పెట్టి మరీ వెళ్లాడని మన్యంలో ఈనాటికీ చెప్పుకుంటారు. ఎన్ని తుపాకులో మరిచిపోయినవాళ్లకు కూడా ఆ సంతకం గుర్తుంటుంది. ఠాణా పుస్తకంలో మన్యం మనిషి పేరు ఎప్పుడూ ఇంకొకరు రాసేదే. ఆ రోజు మాత్రం కలం చేతులు మారింది.

అవే రోజుల్లో నిజాం హైదరాబాదులో ఇంకో పోలీసు రిజిస్టరు ఉండేది. అందులో రాయాల్సింది హిజ్రాల పేర్లు.

స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు, హిజ్రాలు, ఆడ–మగ అనే రెండు గడుల్లో ఇమడనివాళ్లు, వీళ్లందరినీ కలిపి ఇప్పుడు క్వీర్ అంటున్నారు. వాళ్ల ఉద్యమం ఆసియాలో ఒకచోట ఎదిగి ఇంకోచోట ఎందుకు ఆగిపోయింది, వాళ్ల మీద పరిశోధన ఒకచోట పుస్తకమై ఇంకోచోట ఎందుకు నిషేధమైంది అని అడిగితే, సంస్కృతి వల్ల అని చెప్పేయడం మనకు అలవాటు. అంకెలు వెతుక్కుంటూ పోతే జవాబు ఇంకోచోట దొరుకుతుంది. ఆ ప్రాంతాన్ని ఏలేవాళ్లు ఏ రిజిస్టరు తెరిచారు, రాసే కలం ఎవరి చేతికిచ్చారు అన్నదాంట్లో. ఆ దారిలో హైదరాబాదు, ఖాట్మండు, తైపీ తిరిగి మళ్లీ రాజవొమ్మంగి చేరుకుందాం.

1329: ఒక రాష్ట్రం, రెండు చట్టాలు

1329 ఫసలీ, అంటే మన లెక్కలో 1919–20. ఆ ఏడు నిజాం ప్రభుత్వం నపుంసకుల చట్టం తెచ్చింది. పిల్లల్ని ఎత్తుకెళ్తారనో, ‘అసహజ నేరాలు’ చేస్తారనో అనుమానం ఉంటే చాలు, నగరంలో ఉండే హిజ్రా పేరు, చిరునామా పోలీసులు రాసిపెట్టుకోవచ్చు. అలా పేరెక్కిన మనిషి ఆడవేషంలోనో నగలతోనో వీధిలో కనిపించినా, బజారులో పాడినా ఆడినా వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. జైలు 2 ఏళ్ల దాకా.

దీని మూలం బ్రిటిష్ వాళ్ల 1871 నాటి నేరస్త తెగల చట్టంలో ఉంది. ఆ చట్టం మొదటి భాగం కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులుగా రాసింది. రెండో భాగం హిజ్రాలను రాసింది. తెగ, లింగం రెంటినీ ఒకే అట్టల మధ్య, ఒకే అనుమానంతో కుట్టిన పుస్తకం అది. గిరిజనుల సమస్య వేరు, క్వీర్ సమస్య వేరు అనేవాళ్లు ఒకసారి తిరగేయాల్సిన పుస్తకం.

రాజవొమ్మంగి అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కాబట్టి నిజాం చట్టం ఇక్కడిదాకా రాలేదు. స్వలింగ సంపర్కాన్ని నేరమన్న భారత శిక్షాస్మృతి 377వ సెక్షను 1862లోనే అమల్లోకి వచ్చినా, అది రెండుచోట్లకూ వర్తించే రోజు తర్వాత వచ్చింది. 1956లో ఆంధ్ర, తెలంగాణ కలిశాయి. నిజాం చట్టం పోలేదు. పేరుకు ముందు ‘ఆంధ్రప్రదేశ్’, బ్రాకెట్లో ‘తెలంగాణ ప్రాంతం’ తగిలించుకుని బతికింది. 2014 దాకా, 58 ఏళ్లు, ఒకే రాష్ట్రంలో ఒక హిజ్రా హైదరాబాదు బస్సు ఎక్కితే ఒక చట్టం, రాజమండ్రి బస్సు ఎక్కితే ఇంకో చట్టం.

దాన్ని ఏ శాసనసభా ఎత్తేయలేదు. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2023 జులై 6న తెలంగాణ హైకోర్టు చీఫ్ జస్టిస్ ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డిల ధర్మాసనం ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. పుట్టిన 104 ఏళ్లకు పోయింది. విద్యలో, ఉద్యోగాల్లో రిజర్వేషన్లు చూడాలని, ఆసరా పింఛను ఇవ్వాలని, సంక్షేమ బోర్డు పెట్టాలని కూడా అదే తీర్పులో ఉంది.

3,225: మన్యం లేని లెక్క ఉందా?

2011 జనగణనలో మొదటిసారి లింగం అడిగేచోట మూడో గడి వచ్చింది. పురుషుడైతే 1, స్త్రీ అయితే 2, ఇతరులైతే 3. దేశం మొత్తం మీద 3 పడినవాళ్లు 4,87,803 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. ఉత్తరప్రదేశ్ తర్వాత ఎక్కువ మంది ఇక్కడే.

ఆ 43,769లో షెడ్యూల్డు తెగలవాళ్లు 3,225 మంది. అంటే 7.4 శాతం. అదే జనగణనలో ఉమ్మడి రాష్ట్ర జనాభాలో గిరిజనుల వాటా 7 శాతం. రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ‘ఇదంతా పట్నం పోకడ, సినిమాల వల్ల వచ్చింది, కొండల్లో ఇలాంటివి ఉండవు’ అన్న మాట ఈ రెండంకెల ముందు నిలబడదు. జనంలో ఎంత వాటా ఉన్నారో మూడో గడిలోనూ ఇంచుమించు అంతే ఉన్నారు.

ఈ అంకెను మరీ ఎత్తుకు మోయడమూ తప్పే. 43,769లో ఆరేళ్ల లోపు పిల్లలు 4,082 మంది, పదిమందికి ఒకరి కన్నా కాస్త తక్కువ. ఐదేళ్ల పిల్లవాడు ఎన్యూమరేటరును పిలిచి 3 రాయించుకోడు. ఇంట్లో పెద్దలు చెప్పి ఉండాలి, లేదా రాసేవారి చేయి జారి ఉండాలి. ఇటు చూస్తే ఎందరో ట్రాన్స్ మహిళలు తమను 2లోనే రాయించుకున్నారు. ఆడదాన్ని ప్రేమించే ఆడపిల్లకు, మగవాణ్ని ప్రేమించే మగవాడికి ఆ పత్రంలో గడే లేదు. కాబట్టి ఇది మనుషుల లెక్క అనడం కన్నా గడి లెక్క అనడం నిజానికి దగ్గర.

52, 10, 0.6: అడిగే తీరును బట్టి అంకె

జనాభాలో లక్షకు ఎందరు మూడో గడిలో ఉన్నారో చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 2011: దాదాపు 52. భారతదేశం, 2011: 40. నేపాల్, 2021: 10 (మొత్తం 2,928 మంది). బంగ్లాదేశ్, 2022: 8 (12,629 మంది). పాకిస్తాన్, 2017 తొలి లెక్కలు: 5 (10,418 మంది).

ఇప్పుడు ఈ దేశాల చట్టాలు చూడండి. నేపాల్ సుప్రీంకోర్టు 2007 డిసెంబరు 21న తృతీయ లింగాన్ని గుర్తించమంది. 2015 రాజ్యాంగంలో లైంగిక, లింగ అల్పసంఖ్యాకుల పేరెత్తి మరీ హక్కులు రాశారు. ఆసియాలో అంత ముందుకెళ్లిన రాజ్యాంగాలు అరుదు. అక్కడ లక్షకు 10 మంది, ఆంధ్రాలో 52 మంది. హక్కులెక్కువ ఉన్నచోట మనుషులు తక్కువ ఉంటారా? ఉండరు. అడిగిన మాట, అడిగిన మనిషి, జవాబు చెప్పిన మనిషి వేరు కావడం వల్ల వచ్చిన తేడా ఇది. జనగణనలో సాధారణంగా ఇంటి పెద్దే అందరి వివరాలూ చెబుతాడు. కొడుకు సంగతి నాన్న నోటితో వినాలి.

అన్నింటికన్నా పెద్ద తేడా మన దేశంలోనే ఉంది. 2011 జనగణనలో బిహార్‌లో మూడో గడిలో పడ్డవాళ్లు 40,827. 2023లో అదే రాష్ట్ర ప్రభుత్వం కులగణన చేసి 825 మందే ఉన్నారంది. లక్షకు 39 నుంచి ఒకరి కన్నా తక్కువకు పడిపోయింది. పన్నెండేళ్లలో 40 వేల మంది ఎక్కడికీ పోలేదు. ట్రాన్స్‌జెండర్ అన్నదాన్ని కులాల పట్టికలో ఒక సంఖ్యగా చేర్చడం అప్పట్లోనే వివాదమైంది. యాదవ ఇంట్లో పుట్టిన హిజ్రా ఏ గడి ఎంచుకోవాలి? కులమే రాజకీయమైన రాష్ట్రంలో ఆ ప్రశ్నకు ఇంట్లోవాళ్లు ఏం రాయించి ఉంటారో ఊహించవచ్చు.

748: ఎవరి తలుపు తెరుచుకుంటే అటు

ఉద్యమాలు తమకు నచ్చిన దారిన నడవవు. ఏ తలుపు కాస్త తెరిచి ఉంటే ఆ తలుపు తడతాయి. ఏ తలుపు తెరిచి ఉంటుందన్నది అక్కడి రాజకీయం చెబుతుంది.

తైవాన్‌లో ఆ తలుపు రాజ్యాంగ న్యాయస్థానం. 2017 మే 24న 748వ నంబరు వ్యాఖ్యానంలో స్వలింగ జంటలకు పెళ్లి హక్కు నిరాకరించడం చెల్లదంది. 2018 నవంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే జనం ఎదురు తిరిగారు. పౌర స్మృతిలో పెళ్లి నిర్వచనం ముట్టుకోవద్దన్నారు. కోర్టు మాట దాటలేరు, జనం మాట కాదనలేరు. చివరికి 2019 మే 24న అమల్లోకి వచ్చిన చట్టం పేరు ‘748వ వ్యాఖ్యానం అమలు చట్టం’. పేరులో పెళ్లీ లేదు, స్వలింగమూ లేదు. ఆసియాలో మొదటి స్వలింగ వివాహ చట్టం ఒక అంకె వెనక దాక్కుని వచ్చింది.

నేపాల్‌లో 2007 తీర్పు వచ్చిన వేళ చూడాలి. రాచరికం కూలుతోంది, కొత్త రాజ్యాంగం రాయబోతున్నారు, అందరూ తమ వాటా అడుగుతున్నారు. ఆ సందడిలో అక్కడి క్వీర్ హక్కుల సంస్థ బ్లూ డైమండ్ సొసైటీ కూడా తమ వాటా అడిగింది. థాయిలాండ్ పార్లమెంటు ద్వారా వెళ్లింది. అక్కడ 2025 జనవరి 23 నుంచి స్వలింగ వివాహాలు చెల్లుతున్నాయి.

మన దగ్గర 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 కోరలు పీకింది. 2023 అక్టోబరు 17న పెళ్లి విషయం మాత్రం పార్లమెంటుదేనంది. ఢిల్లీ తలుపు మూసుకున్నచోట రాష్ట్రాల తలుపులు తెరుచుకున్నాయి. తమిళనాడు 2008లోనే సంక్షేమ బోర్డు పెట్టి, తిరునంగై అనే గౌరవమైన మాటను ప్రభుత్వ కాగితాల్లోకి తెచ్చింది. కర్ణాటక 2021లో ఉద్యోగాల్లో 1 శాతం కోటా ఇచ్చింది. తెలుగుకు అలాంటి మాట ఇప్పటికీ కుదరలేదు. మన పింఛను జాబితాల్లో ‘ట్రాన్స్‌జెండర్’ అనే ఇంగ్లిషు మాటనే తెలుగులో రాస్తున్నారు.

1,500 నుంచి 4,000: ఆంధ్రా తలుపు

ఆంధ్రప్రదేశ్‌లో తెరుచుకున్నది పింఛను తలుపు. 2017 డిసెంబరులో మంత్రివర్గం ట్రాన్స్‌జెండర్లకు నెలకు 1,500 రూపాయల పింఛను ఇవ్వాలని నిర్ణయించింది. 2024 జులై నుంచి అది 4,000. వృద్ధులు, వితంతువులు, నేతన్నలు, గీత కార్మికులు, డప్పు కళాకారులతో కలిపి ఒకే జాబితా. ఏడాదికి 48,000 రూపాయలు. తెలంగాణలో ఇదే కోర్టు చెబితే జాబితాలో చేరాల్సిన సంగతి, ఆంధ్రాలో ఓట్ల లెక్క తెలిసిన మంత్రివర్గం ముందే చేసింది. ఒకే భాష, ఒకప్పుడు ఒకే రాష్ట్రం, రెండు దారులు.

అంతకుముందు డబ్బు ఇంకో దారిలో వచ్చేది. గేట్స్ ఫౌండేషన్ 2003లో మొదలుపెట్టిన ఆవాహన్ ఎయిడ్స్ కార్యక్రమం ఆరు రాష్ట్రాలను ఎంచుకుంది, ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఆ డబ్బు వల్లే ఎన్నో పట్టణాల్లో హిజ్రాలు, కోతీలు (మగవాళ్లను ఇష్టపడే, ఆడతనంతో మెలిగే మగవాళ్లు) మొదటిసారి ఒక గదిలో కూర్చుని సంఘం పెట్టుకోగలిగారు. అయితే ఎయిడ్స్ పనికి మనుషులు గుంపుగా దొరకాలి: బస్టాండు, లారీలు ఆగే హైవే, రైల్వే స్టేషను. ఇల్లు ఇక్కడొకటి అక్కడొకటి ఉండే గూడేలు ఆ లెక్కకు సరిపడవు. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించి, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. పట్నంలో పెద్ద సంస్థ నుంచి చిన్న ఊరి సంఘానికి చేరే దారి దాంతో ఇరుకైంది.

2(2): రాజవొమ్మంగిలో ఏ కాగితం పనికొస్తుంది?

ఇప్పుడు మన్యంలోకి రండి. రాజవొమ్మంగి మండలంలో ఒక కొండదొర ఇంట్లో పుట్టి, మగపిల్లవాడిగా పెరిగి, తాను ఆడదాన్నని తెలుసుకున్న మనిషి ఉందనుకుందాం. ఆమెకు ఏ కాగితాలు కావాలి?

పెళ్లి కాగితం జాబితాలో చివర్న వస్తుంది. హిందూ వివాహ చట్టం 2వ సెక్షను 2వ ఉపవిభాగం ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. వాళ్ల పెళ్లి వాళ్ల ఆచారం. ఢిల్లీలో పెళ్లి చట్టాల మీద ఎంత పెద్ద వాదన జరిగినా దానిలో సగం ఇక్కడికి చేరేది కాదు.

పోడు పట్టా మొదట వస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం 4వ సెక్షను 4వ ఉపవిభాగం పట్టా ఎవరి పేరున ఇవ్వాలో చెబుతుంది. పెళ్లయినవాళ్లయితే భార్యాభర్తలిద్దరి పేరునా, ఒంటరి మనిషి ఇంటికి పెద్దయితే ఆ మనిషి పేరునా. భార్యాభర్తలనే మాటలో ఇమడని ఇద్దరు ఒకే పొలం దున్నుకుంటే, కాగితం మీద ఒకరే ఉంటారు. రెండోవాళ్లు ఆ నేలమీద పనివాళ్లే. ఈ చట్టం ఒంటరి మనిషిని గుర్తించింది కాబట్టి ఒక దారి మాత్రం ఉంది. ఆ దారి ఆమెకు చెప్పేవాళ్లు కావాలి.

తర్వాత కులధ్రువీకరణ, రిజర్వేషను. 2014 ఏప్రిల్ 15 నాటి నాల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసు తీర్పులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను వెనుకబడిన తరగతిగా చూడమంది. పట్నంలో అగ్రకులంలో పుట్టిన వ్యక్తికి అది లాభమే. గిరిజన ట్రాన్స్ మనిషికి ఎస్టీ కోటా పోగొట్టుకుని బీసీలో కలవడం లాభం కాదు. అందుకే ప్రతి కులం కోటాలోనూ విడిగా వాటా ఇవ్వాలన్న డిమాండు దళిత, ఆదివాసీ ట్రాన్స్ ఉద్యమకారులది అయింది. కర్ణాటక 1 శాతం ఆ పద్ధతిలో ఇచ్చిందే.

ఆ పైన గుర్తింపు పత్రం. 2019 ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం (2020 జనవరి 10 నుంచి అమలు) ప్రకారం దాన్ని ఇవ్వాల్సింది జిల్లా మెజిస్ట్రేటు, అంటే కలెక్టరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు కొత్తగా గీసినప్పుడు రాజవొమ్మంగికి కలెక్టరు కార్యాలయం కాకినాడ నుంచి పాడేరుకు మారింది. మైదానానికి దిగాల్సిన మనిషి అప్పుడు ఘాటు ఎక్కాల్సి వచ్చింది. జిల్లా గీతల్ని క్వీర్ రాజకీయం అని ఎవరూ అనరు. కానీ చార్జీలు పెట్టుకుని ఒక పూట కూలి పోగొట్టుకునే మనిషికి తేడా తెలుస్తుంది.

కోర్టుల మాట చూస్తే ఈ మధ్య ఆంధ్ర హైకోర్టు వెనక్కి తగ్గలేదు. 2024 డిసెంబరు 17న ఇద్దరు యువతులు కలిసి బతకొచ్చని, తల్లిదండ్రులు అడ్డుపడొద్దని చెప్పింది. 2025 జూన్‌లో జస్టిస్ వెంకట జ్యోతిర్మయి ప్రతాప, పిల్లల్ని కనలేదన్న కారణంతో ట్రాన్స్ మహిళను స్త్రీ కాదనడం కుదరదని తీర్పిచ్చారు. ఇవి అమరావతిలో వెలువడ్డ మాటలు. కొండెక్కడానికి వాటికీ బస్సు కావాలి.

2005: ఎవరి మీద పుస్తకం, ఎవరి భాషలో?

పరిశోధన కూడా ఇవే తలుపుల గుండా నడిచింది. 2005లో గాయత్రి రెడ్డి రాసిన హైదరాబాదు, సికింద్రాబాదు హిజ్రాల జీవితాల అధ్యయనాన్ని చికాగో విశ్వవిద్యాలయం అచ్చువేసింది. ప్రపంచంలో దక్షిణ భారత హిజ్రాల గురించి చదివేవాళ్లంతా ఆ ఇంగ్లిషు పుస్తకం తీస్తారు. అదే ఏడాది జులైలో బ్యాంకాక్‌లో మొదటి ఆసియా క్వీర్ అధ్యయనాల సదస్సు జరిగింది. అప్పటికే తైవాన్ నేషనల్ సెంట్రల్ యూనివర్సిటీలో 1995 నుంచి లైంగికత అధ్యయన కేంద్రం నడుస్తోంది.

తెలుగులో ఇది ఆత్మకథ రూపంలో వచ్చింది. హిజ్రా రచయిత్రి రేవతి ఆత్మకథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేసి 2019 కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకున్నారు. యూనివర్సిటీలు పెద్దగా మాట్లాడని చోట అనువాదకురాలు మాట్లాడారు. 2015లో హైదరాబాదు నల్సార్ లా యూనివర్సిటీ ఒక విద్యార్థి అడిగితే పట్టా మీద ‘మిస్టర్’, ‘మిస్’ రెండూ తీసేసి లింగంతో పనిలేని ‘మిక్స్’ అని ముద్రించింది.

పక్క దేశాల్లో క్యాంపసే యుద్ధభూమి. 2016 జనవరిలో ఇండోనేషియా యూనివర్సిటీలో లైంగికత మీద చదువుకునే విద్యార్థుల బృందం పేరు బయటికి రాగానే, ఉన్నత విద్యామంత్రే ఇలాంటివాళ్లకు క్యాంపస్‌లో చోటు లేదన్నాడు. 2021 జులైలో చైనాలో యూనివర్సిటీ విద్యార్థుల క్వీర్ బృందాల వీచాట్ ఖాతాలు ఒక్క రాత్రిలో మూతపడ్డాయి. 2023 మేలో బీజింగ్ ఎల్‌జీబీటీ సెంటర్ మూసేశారు. బంగ్లాదేశ్ 2013లోనే హిజ్రాలను గుర్తించింది. అయినా 2024 జనవరిలో ఏడో తరగతి పుస్తకంలో ఒక హిజ్రా కథ ఉందని ఒక అధ్యాపకుడు సభలో ఆ పేజీలు చింపాడు, గొడవ ముదిరి ప్రభుత్వం ఆ పాఠం తీసేసింది. గుర్తింపు కార్డు ఇవ్వడానికి ఒప్పుకున్న రాజ్యం పాఠం చెప్పడానికి వెనకాడింది.

మన్యం మీద మానవశాస్త్రం తక్కువేమీ రాలేదు. తెగల మీద రాసినవాళ్లు పెళ్లి రకాలు, ఓలి, గోత్రాలు లెక్కగట్టారు. హైదరాబాదు హిజ్రాల మీద రాసినవాళ్లు గురువు–చేలా సంబంధాలు లెక్కగట్టారు. జనగణనలోని ఆ 3,225 మంది గిరిజనులు ఈ రెండు పుస్తకాల అట్టల మధ్య పడిపోయారు. 2019లో విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మొదలైంది. ఆ రెంటి మధ్య ఖాళీని కొండ మనుషులే, తమ మాటల్లో రాయడానికి దగ్గర్లో ఉన్న చోటు అది.

2027: మళ్లీ గడప ముందు

వచ్చే జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఈసారి కులం కూడా అడుగుతారు. 2011లోలాగే రాజవొమ్మంగిలో ఒక ఎన్యూమరేటరు ఒకే గడప ముందు నిలబడి ఒకే మనిషి తెగనూ, లింగాన్నీ రాసుకుంటారు. బిహార్‌లో ఒకే పట్టికలో కలిపేసి వివాదం తెచ్చిన రెండు గడులు ఒకే వరసలో పక్కపక్కన ఉంటాయి.

నాల్సా తీర్పు సారం ఒక్క వాక్యంలో పట్టేది: తన లింగం ఏమిటో చెప్పే హక్కు ఆ మనిషిదే. జనగణన పద్ధతి మాత్రం ఇంటి పెద్దను అడుగుతుంది. ఈ రెంటి మధ్య దూరం తగ్గాలంటే కొత్త చట్టం అక్కర్లేదు. ఎన్యూమరేటరుకిచ్చే శిక్షణలో ఒక గంట, ఇంట్లో పెద్దవయసు వాళ్లు ఎవరైనా తమ వివరాలు తామే చెప్పుకోవచ్చన్న ఒక సూచన, ఆ మాట కొండభాషల్లో, కొండయాసలో చెప్పగల మనిషి సరిపోతారు.

1922లో ఆ ఠాణా రికార్డులో సంతకం పెట్టినవాడికి కలం ఎవరూ ఇవ్వలేదు, తీసుకున్నాడు. 2027లో కొండదొర ఇంటి గడపలో నాన్న పక్కన నిలబడ్డ మనిషికి కలం ఇవ్వకపోయినా ఫర్వాలేదు. రాసేవారు ఒక్కసారి తలెత్తి ఆమెను అడిగితే చాలు.